బూడిదరంగు ముక్క

అది పెద్ద వరద వెళ్లిన మూడో ఏడు. ఆ లోయలో ఎవరి వయసు చెప్పాలన్నా, ఏ పెళ్లి మాట ఎత్తినా, వరదకి ముందా తర్వాతా అనే అడుగుతారు. రేగుపూత కోసం తేనెటీగల గూళ్లన్నీ వాగు పొట్టలోకి దించిన వారంలోనే ఆ వరద వచ్చింది. గూళ్లంటే చేతి పొడవు మట్టి గొట్టాలు. ఒకదాని మీద ఒకటి పేర్చి, వెనక గుండ్రటి మట్టి మూత పెట్టి, అంచులు పేడతో మెత్తుతారు. నీళ్లు తీశాక చూస్తే ఒక్క గొట్టం లేదు. తేనెటీగలు పెంచే కరామాకి దొరికింది ఒక మూత. ముళ్లకంచెలో ఇరుక్కుని, అంచు కూడా విరగకుండా ఉంది. దాన్ని ఇంటికి తెచ్చి నీళ్లకుండ మీద పెట్టాడు. జబ్బు చేశాయని మేడ మీద వేరుగా ఉంచిన రెండు మూడు గూళ్లు మాత్రం మిగిలాయి. అవి కూడా నానాటికీ సన్నబడుతున్నాయి. ఈ ఏడు పూతకి కొత్త ఈగలు వచ్చి చేరకపోతే చలికి నిలవవు. అవి పోతే కరామా తన పెళ్లాం మేకల్ని కాసుకుంటూ తిరగాల్సిందే.

రేగు మొగ్గ కట్టే వేళకి వరద సహాయ సంఘం వాళ్లు ఆస్పత్రి గోడకి ఒక పెద్ద గుడ్డ వేలాడదీశారు. దాని మీద, వరదలో ఏమేం పోయాయో చూపే గుండ్రటి బొమ్మ. రొట్టెని తుంచినట్టు ముక్కలు ముక్కలుగా ఉంది. ఒక్కో ముక్కకి ఒక్కో రంగు.

కరామా మూడేళ్లు బడికెళ్లినవాడు. ఆ చదువుతో అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. పసుపు ముక్క ఖర్జూరం చెట్లు. ఎర్రది మేకలు. నీలంది కోళ్లు. ఒక మూల సన్నగా బూడిదరంగు ముక్క.

లోపల బల్ల దగ్గర గుమాస్తా లబీబ్ కూర్చుని ఉన్నాడు. పట్నంవాడు, మర్యాదస్తుడు. లేచి నిలబడ్డాడు.

"రండి పెద్దాయనా. ఏం కావాలి?"

"నా ఈగలెక్కడ?"

"ఏమిటి?"

"తేనెటీగలు. ఖర్జూరం కనబడుతోంది. మేకలు కనబడుతున్నాయి. కోళ్లకి కూడా చోటిచ్చారు. ఈగలెక్కడ?"

లబీబ్ బయటికి వచ్చి వేలితో బూడిదరంగు ముక్క చూపించాడు. "ఇదిగో, ఇందులో ఉన్నాయి. ఇతరములు."

"ఇందులో ఇంకా ఎవరున్నారు?"

"గాడిదలు, ఒంటెలు, ఆవులు... సర్పంచి గారి పెంపుడు జింక ఒకటి."

కరామా ఆ ముక్కని అరచేత్తో కప్పి చూశాడు.

"ఏ ముక్క ఎంత వెడల్పుంటే దానికి అన్ని లారీలొస్తాయి," అని లబీబ్ ఓపికగా చెప్పాడు. "పసుపుకి ఖర్జూరం పిలకలు. ఎరుపుకి మేకపిల్లలు. ఇతరములకి ఒక లారీ."

"ఆ లారీలో ఏం పంపుతారు?"

"గడ్డి."

"ఈగలు గడ్డి తింటాయా?"

లబీబ్ తల గోక్కున్నాడు. "నా మీద అరవకండి పెద్దాయనా. నిరుడు మా వాళ్లు ఇంటింటికీ తిరిగారు. గూళ్లెన్ని పోయాయని మిమ్మల్ని అడిగారు. మీరేమన్నారో కాగితంలో ఉంది. అల్లా ఇచ్చినన్ని పోయాయన్నారు. సాల్మీన్ గారు 'కొన్ని' అన్నారు. ఇంకొకాయన మొహం మీద తలుపేశాడు. కొన్ని అనే అంకె ఏ బళ్లోనైనా చెప్పారా? నేనేం వెయ్యను?"

ఆ లోయలో తేనెటీగలు పెంచేవాడు గూళ్లు లెక్కపెట్టడు. లెక్కపెడితే దిష్టి. పెళ్లానికి చెప్పడు, బిడ్డకి చెప్పడు, తను కూడా తెలుసుకోడు. ప్రతి గూడూ దాని చోటుని బట్టీ గుణాన్ని బట్టీ గుర్తుంటుంది. అంకె మాత్రం ఉండదు. వాళ్ల తాతలూ అంతే. ఆ సంగతి పట్నంవాడికి ఎలా చెప్పాలో కరామాకి తెలియలేదు. తెలియకపోయేసరికి కోపం ఇంకా పెరిగింది.

"పది డిగ్రీలు దాటితే వేరే ముక్క వేస్తాం," అన్నాడు లబీబ్. "అంతకి తక్కువైతే ఇతరములే. గురువారం ఇది పట్నం వెళ్లిపోతుంది. ఆలోగా అంకెలు తెండి, నేనే రంగు వేస్తాను. ఏ రంగు కావాలో చెప్పండి."

రంగు మాట వినగానే కరామా వెనక్కి తిరిగాడు. డిగ్రీలంటే ఏమిటో అడగడానికి సిగ్గేసింది.

ఇంటికొచ్చేసరికి పెళ్లాం ముజ్నా మేక పాలు పిండుతోంది. "మొహం అలా ఉందేం? ఎవరైనా పోయారా?" అంది.

"గాడిదలతో కలిపారు."

"ఎవర్ని?"

కరామా చెప్పులు విడిచాడు. వసారాలో మనవరాలు సలూమా బోర్లా పడుకుని పాఠం రాసుకుంటోంది. ఏడో తరగతి. దాని పక్కన చతికిలబడి, ఆ లోయ మగవాళ్లు కూర్చునే తీరున నడుముకీ మోకాళ్లకీ కలిపి గుడ్డ బిగించుకున్నాడు.

"ఆ గుండ్రం బొమ్మ నీకు వచ్చా?"

"వృత్తచిత్రమా? ఈ నెలే చెప్పారు తాతా."

"నాకు నేర్పు."

ముజ్నా చెంబు పక్కన పెట్టి నవ్వింది. "ఇక్కడికి ఈ ఇంట్లో బడి ఒక్కటే తక్కువైంది."

సలూమాకి కాగితం పాడుచెయ్యడం ఇష్టం లేదు. అందుకని నీళ్లకుండ మీది మూత తెచ్చింది. ఎంత గుండ్రంగా కావాలో అంత గుండ్రంగా ఉంది. పొగ ఊదడానికి సరిగ్గా నడుమ చిన్న చిల్లు. పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసింది.

"ముందు తేలికది. మన సందులో ఎన్ని మేకలున్నాయి?"

మేకల్ని లెక్కపెట్టడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. పద్దెనిమిది. కోళ్లు పన్నెండు. గాడిదలు ఆరు.

"మొత్తం ముప్ఫై ఆరు. గుండ్రం చుట్టూ మూడువందల అరవై డిగ్రీలు. మరి ఒక్కోదానికి ఎన్నొస్తాయి?"

"మూడువందల అరవయ్యే ఎందుకు? వంద పెట్టుకుంటే పోయేదిగా?"

"ఎప్పటివాళ్లో పెట్టారట తాతా."

"మనల్ని అడిగారా?"

"నన్నూ అడగలేదు. చెప్పు, ఎన్నొస్తాయి?"

కరామా వేలి కణుపుల మీద చాలాసేపు లెక్కేశాడు. "పది."

"అయితే మేకలకి నూట ఎనభై. అంటే సగం." డిగ్రీలు కొలిచే తన ఆకుపచ్చ కోణమానిని మూత మీద పెట్టి, చిల్లులోంచి అడ్డంగా గీత గీసింది. "కోళ్లకి నూట ఇరవై. ఇది నువ్వు గియ్యి."

కరామా బొగ్గు తీసుకుని మిగిలిన సగంలో అంచువైపు ఒక పలుచటి చెక్క కోసినట్టు గీశాడు.

"అలా కాదు. ప్రతి గీతా నడిమి చిల్లు నుంచే మొదలవ్వాలి."

"నడుమ కోళ్లకెందుకు? అంచు చాలు." డబ్బాలో పెట్టే తేనెపట్టు కూడా ఇంతే గుండ్రంగా ఉంటుంది. కోసేటప్పుడు నడిమి ముక్క అతిథికి, దాని చుట్టుపక్కలది ఇంటి పెద్దకి, అంచు పిల్లలకి. పుట్టిన దగ్గర్నుంచీ అతను కోసింది అలాగే.

"నడుమ అందరిదీ తాతా. మేకలూ కోళ్లూ గాడిదలూ అక్కడే కలుస్తాయి."

"అందరిదీ అయితే ఇక పెద్దవాడెవడు?"

"ఈ బొమ్మలో పెద్దవాడు లేడు. ఎవరివి ఎన్నుంటే అంత."

అది కరామాకి నచ్చలేదు. అయినా తడి గుడ్డతో చెరిపి మళ్లీ గీశాడు. కోణమానినిని సగం రొట్టె పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, చుక్క పెట్టి, చుక్కకీ చిల్లుకీ గీత కలిపాడు. ఈసారి కోళ్లు సరిగ్గా వచ్చాయి. మిగిలింది అరవై, గాడిదలది. దాన్ని కొలవక్కర్లేకపోయింది. అదొక్కటి బాగుందనుకున్నాడు.

మర్నాడు బడి నుంచి వస్తూ సలూమా ఆస్పత్రి గోడ మీది అంకెలు రాసుకొచ్చింది. ఖర్జూరాలు పదిహేను వందలు, మేకలు పన్నెండు వందలు, కోళ్లు ఏడువందల ఇరవై, ఇతరములు నూట ఎనభై. మొత్తం మూడువేల ఆరువందలు. "పదింటికి ఒక డిగ్రీ," అంది. ఇద్దరూ కలిసి మూత మీద లోయ నష్టమంతా గీశారు. ఖర్జూరం నూట యాభై, మేకలు నూట ఇరవై, కోళ్లు డెబ్బై రెండు, ఇతరములు పద్దెనిమిది.

"ఇప్పుడు ఈగలు గియ్యనా?" అని కరామా అడిగాడు. అడిగి జవాబు కోసం ఆగలేదు. ఖర్జూరంలో సగం, మేకల్లో సగం కలిపి బొగ్గు అరిగేదాకా నలుపు పులిమాడు.

సలూమా చూసింది. "ఇదేంటి?"

"ఈగలు."

"ఇన్నా?"

"నా కళ్లకి ఇన్నే పోయాయి."

"ఇది కోపం తాతా. లెక్క కాదు."

కరామా అరచెయ్యి తడుపుకుని తనే చెరిపేశాడు.

"నీవి ఎన్ని గూళ్లు పోయాయి?" అని సలూమా అడిగింది.

పెరట్లో పాలు కాస్తున్న ముజ్నా ఇటు తిరిగింది. "ఒసేయ్, అది అడక్కూడదు. నలభై ఏళ్ల కాపురంలో నేనే అడగలేదు."

"అడక్కుండా ఎలా వెయ్యను నానమ్మా? నాకు అంకె కావాలి."

కరామా లేచాడు. మేకల కోసం నానబెట్టడానికి ఉంచిన ఖర్జూరం గింజల బుట్ట, ఒక ఖాళీ గిన్నె తెచ్చుకున్నాడు. వాళ్లకి వీపు పెట్టి గోడవైపు కూర్చున్నాడు. వాగులో తన గూళ్లు పేర్చిన చోటు కళ్లముందు పెట్టుకుని కింది వరస నుంచి మొదలుపెట్టాడు. చివర ఉండే కోపిష్ఠిది, దగ్గరికెళ్తే చెవులే కుట్టేది. ఒక గింజ. దాని పక్కన మామగారు పెళ్లికిచ్చింది. ఒక గింజ. మేకపిల్లని కుట్టి చంపింది. తేనె తక్కువా రొద ఎక్కువా ఉండేది. తల్లి ఈగ ముసలిదైపోయినా మార్చడానికి మనసొప్పనిది. రెండో వరస. మూడో వరస. గిన్నెలో గింజ పడ్డ చప్పుడు, మళ్లీ కాసేపు ఏమీ లేదు, మళ్లీ గింజ. ముజ్నా పాలు పొంగినా లేవలేదు.

అంతా అయ్యాక గిన్నె వెనక్కి జరిపాడు. "పైకి లెక్కపెట్టకు."

సలూమా పెదవులు కదపకుండా లెక్కపెట్టింది. కాగితం మీద ఏదో గుణించి, భాగించి, మూత మీద కోణమానిని పెట్టింది. నడిమి చిల్లు నుంచి రెండు గీతలు గీసింది. మధ్యలో వేలి గోరు కూడా పట్టదు.

"నాలుగు డిగ్రీలు, కాస్త పైన."

"ఇంతేనా?"

"ఇంతే."

"సరిగ్గా చూడు."

"మూడుసార్లు చూశాను. నీ ఒక్కడివైతే పది దాటవు. అందరివీ కలిస్తే దాటుతాయి. కానీ ఒకటుంది తాతా, కొత్తవాళ్లు వస్తే గుండ్రం పెరగదు. ఉన్నవాళ్లే తలా కాస్త జరిగి చోటివ్వాలి."

"నా మేకలు జరగవు," అంది ముజ్నా పెరట్లోంచి.

బుధవారం మధ్యాహ్నం నమాజు తర్వాత తేనెవాళ్లందరూ ఫరజ్ టీ కొట్టు నీడలో కూర్చుంటారు. కరామా మూత చంకలో పెట్టుకుని వెళ్లాడు. అతను నోరు తెరవడమే అరుదు. తెరిచేసరికి అందరూ గ్లాసులు దించారు.

"రేపు గురువారం. ఎవరివి ఎన్ని పోయాయో చెప్పండి. గుమాస్తాకి ఇద్దాం. లేకపోతే మనకి గడ్డి పంపుతారు."

సాల్మీన్ అతనికంటే రెండేళ్లు పెద్ద. ఒకప్పుడు లోయలో అందరికంటే ఎక్కువ తేనె అతనిదే. "ఏం కరామా, నా నోటితో అంకె చెప్పిస్తావా? మతి గానీ పోయిందా?"

"ఉన్నవి చెప్పమనలేదు. పోయినవి చెప్పమన్నా. చచ్చినవాటికి దిష్టేమిటి?"

"పోయినవి చెబితే ఉన్నవి ఊహించుకోరా? మా నాన్న ఒక్కసారి, ఒక్కసారే, వ్యాపారి ముందు వేళ్లు మడిచాడు. వారం తిరక్కుండా ఈగలన్నీ లేచిపోయాయి. చచ్చేదాకా ఆ వేళ్లని తిట్టుకున్నాడు."

"దిష్టి కాదులే అన్నా," అన్నాడు ఫరజ్ టీ వడపోస్తూ. "ఇప్పుడు చెప్పే అంకెకీ అప్పుడు ఉన్నదాంట్లో ధర్మం కింద ఇచ్చిన జకాత్‌కీ పొంతన కుదరదని భయం."

అందరూ నవ్వారు. సాల్మీన్ నవ్వలేదు. "నీ టీ ఎంత పలచనో నీ మాటా అంత పలచనరా."

కరామా మూత వాళ్ల మధ్య చాప మీద పెట్టాడు. "ఇటు చూడండి. ఈ రెండు గీతల సందు నేను. నా పెళ్లినాటి నుంచి పెంచిన ఈగలన్నీ కలిసి ఇంతే. మీరు రాకపోతే ఈ సందు కూడా ఉండదు. బూడిదరంగు పూసేస్తారు."

"పూయనీ. నీకేం, మీ ఆవిడకి మేకలున్నాయిగా. వాటితో పాటు ఆ గడ్డి నువ్వూ తిను," అన్నాడు సాల్మీన్. మళ్లీ నవ్వులు.

కరామా చెవులు ఎర్రబడ్డాయి.

"వరద రోజున మనల్ని ఎవరైనా లెక్కపెట్టారా?" అన్నాడు. "తాతల నాటి నుంచీ నోరు విప్పలేదే. పెళ్లాలకి చెప్పలేదే. మరి ఎందుకు పోయాయి? ఏ కన్ను తగిలింది? దాచాం, దాచాం, వాగు ఒక్క పూటలో పట్టుకుపోయింది. ఇప్పుడు పోయాయని ఏడవడానికి కూడా మనకి నోరు లేదు. కోళ్లు చచ్చినవాడు చెప్పుకున్నాడు. వాడికి నీలం ముక్క ఇచ్చారు. మనం గాడిదల పక్కన కూర్చుందాం. సర్పంచి జింక పక్కన కూర్చుందాం. ఇంకో పూత పోతుంది. అప్పుడు దిష్టి తగలడానికి మన దగ్గర ఏముంటుంది? చెప్పు సాల్మీన్, ఏముంటుంది?"

అన్ని మాటలు అతను ఏడాది మొత్తంలో మాట్లాడి ఉండడు. ఫరజ్ పొయ్యి మంట తగ్గించాడు. సాల్మీన్ మూత మీదికి వంగాడు. ఒక వేలు ఆ సన్నటి సందు దగ్గరికి తెచ్చి, తాకకుండా వెనక్కి తీసుకున్నాడు.

"సరే," అన్నాడు. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు. "మమ్మల్నడిగావు. ముందు నువ్వు చెప్పు. పైకి, అందరూ వినేలా. నువ్వంటే మేమూ ఆలోచిస్తాం."

కరామా నోరు తెరిచాడు. పైకి లెక్కపెట్టకు అని తనే అన్న మాట గుర్తొచ్చింది. ఆ అంకె తనకి తెలియదు. ఆ ఇంట్లో అది తెలిసింది సలూమా ఒక్కదానికే. తెలిసినా నాలుక కదిలేలా లేదు. మేడ మీద మిగిలిన ఆ రెండు మూడు గూళ్లు గుర్తొచ్చాయి. నోరు మూసుకుని, మూత తీసుకుని లేచాడు. వెనక ఎవరూ నవ్వలేదు. అది నవ్వు కంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంట్లో ముజ్నా ఎండుచేప అన్నం పెట్టింది. "చెప్పారా?"

"లేదు."

"నువ్వు చెప్పావా?"

కరామా చేప ముల్లు తీసి పక్కన పెట్టాడు.

"నేను చెప్పనా తాతా?" అంది సలూమా. "నాకు తెలుసుగా. నాకు దిష్టి భయం లేదు."

"వద్దు. అది నీ నోటితో అనాల్సింది కాదు."

"మరి ఎవరి నోటితో?"

ముజ్నా ఆ పిల్లని మోచేత్తో పొడిచింది. తర్వాత, ఎవరితోనూ కానట్టు, "ఒక పక్కకి జరుగుతాయిలే మేకలు, జరక్క ఏం చేస్తాయి," అంది.

పొద్దున్న నమాజు అయ్యాక మసీదు నుంచి వచ్చేవాళ్లు ఆస్పత్రి ముందు నుంచే వెళ్లాలి. లబీబ్ అప్పటికే గోడ మీది గుడ్డ విప్పి చుడుతున్నాడు. లారీ వాకిట్లో ఉంది. కరామా అందరికంటే ముందు వచ్చి మెట్ల మీద నిలబడి ఉన్నాడు. చంకలో మూత, చేతిలో గింజల గిన్నె.

"ఆగు నాయనా. చుట్టకు," అన్నాడు.

మూత మెట్టు మీద వెల్లకిలా పెట్టాడు. జనం ఆగారు. ఫరజ్ ఆగాడు. సాల్మీన్ ఎత్తిన కాలు దించి అక్కడే నిలబడ్డాడు. కరామా గిన్నెలో చెయ్యి పెట్టి ఒక గింజ తీశాడు. చివర ఉండే కోపిష్ఠిది. దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని పైకెత్తాడు.

గింజ మూతలో వేసి, వాకిలంతా వినేలా, "ఒకటి," అన్నాడు.